తేదీకి విడుదలా, తయారయ్యాక విడుదలా

2025 ఆగస్టు 9న లినక్స్ ఆధారిత డెబియన్ 13 విడుదలైంది. ఆ వెర్షన్‌కు పెట్టిన పేరు ట్రిక్సీ. అంతకుముందటి బుక్‌వర్మ్ 2023 జూన్ 10న వచ్చింది. ఈ రెండేళ్ళ చిల్లర కాలంలో ఉబుంటు నాలుగు వెర్షన్లు తెచ్చింది, ఫెడోరా కూడా నాలుగు తెచ్చింది. ఆర్చ్ లినక్స్ వాడేవాళ్ళకు అసలు వెర్షన్ల లెక్కే లేదు. ఏ వారం వచ్చిన మార్పులు ఆ వారమే అందుతూ పోయాయి. వీళ్ళందరి దగ్గరా ఉన్న సరుకు దాదాపు ఒకటే. అదే కెర్నల్, అవే గ్నోమ్, కేడీఈ డెస్క్‌టాప్‌లు, అదే ఫైర్‌ఫాక్స్, అదే లిబ్రెఆఫీస్. తేడా అంతా వాటిని ఎప్పుడు మూటగట్టి జనం చేతికివ్వాలన్న దగ్గరే ఉంది.

ముందే తేదీ ప్రకటించి ఆ తేదీకే విడుదల చేయాలా? తప్పులన్నీ దిద్దుకున్నాక, ఎప్పుడైతే అప్పుడు చేయాలా? లేక వెర్షన్లనే మానేసి ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోవాలా? ముప్పై ఏళ్ళుగా ఈ వాదన నడుస్తూనే ఉంది. మొన్నటిదాకా ఇది ప్రోగ్రామర్లు తమలో తాము చేసుకునే చర్చ. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేయడంతో పరిస్థితి మారింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 చిప్ లేని కంప్యూటర్లున్న ఇళ్ళూ, బడులూ, చిన్న ఆఫీసులూ ఇప్పుడు లినక్స్ వైపు చూస్తున్నాయి. ఏది వేసుకోవాలని వాళ్ళు అడిగితే స్క్రీన్ ఎలా కనిపిస్తుందో, మెనూ ఎక్కడుంటుందో చెప్పే సలహాలే ఎక్కువ. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది దాని విడుదల పద్ధతి. మూడేళ్ళ తర్వాత ఆ కంప్యూటర్ ఏ స్థితిలో ఉంటుందో తేల్చేది అదే.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రకటించింది కెర్నల్ ఒక్కటే. దాని చుట్టూ కంపైలర్, షెల్, ఎడిటర్, గ్రాఫిక్స్ అన్నీ చేర్చి వాడుకునేలా అందించడం, అంటే డిస్ట్రో తయారుచేయడం, వేరే పని. తొలినాళ్ళలో ఆ పని చేసిన ఎస్ఎల్ఎస్ తప్పుల పుట్టగా ఉండేది. దాన్ని బాగుచేయబోయి ప్యాట్రిక్ వోల్కర్‌డింగ్ 1993 జులైలో స్లాక్‌వేర్ తెచ్చాడు. ఎస్ఎల్ఎస్‌తోనే విసిగిన ఇయాన్ మర్డాక్ అదే ఏడు ఆగస్టు 16న డెబియన్‌ను ప్రకటించాడు. డెబియన్‌కు 1.0 అనే వెర్షన్ లేదు. ఇంకా తయారవుతున్న ఫైళ్ళనే ఒక సీడీల కంపెనీ 1.0 అని ముద్ర వేసి అమ్మేసింది. దాంతో డెబియన్ వాళ్ళు ఆ అంకెనే వదిలేసి 1996 జూన్‌లో 1.1 విడుదల చేశారు. తయారైందని చెప్పే హక్కు ఎవరిదన్న తగువు అలా మొదటి అడుగులోనే వచ్చింది. ఆ హక్కు తమదేనని డెబియన్ పట్టిన పట్టు తర్వాత దాని బలమూ అయింది, బలహీనతా అయింది.

బలహీనత ముందు బయటపడింది. 2002 జులై 19న వుడీ అనే డెబియన్ వెర్షన్ వచ్చేసరికి 2.4 కెర్నల్ విడుదలై ఏడాదిన్నర దాటింది. అయినా మామూలు పీసీల మీద వుడీ ఇన్‌స్టాలర్ తనంతట తాను ఎంచుకునేది పాత 2.2నే. ఆ తర్వాతి సార్జ్ 2005 జూన్ 6న గానీ రాలేదు. దాదాపు మూడేళ్ళు! డెస్క్‌టాప్ హార్డ్‌వేర్ ఆరేసి నెలలకు మారిపోతున్న కాలం అది. కొత్త కంప్యూటర్ కొన్నవాడికి డిస్‌ప్లే సరిగా రాదు, నెట్‌వర్క్ కార్డు దొరకదు. ఎప్పుడు వస్తుందని అడిగితే వచ్చే జవాబు తయారైనప్పుడని. సర్వర్లు నడిపే వాళ్ళు ఓపిక పట్టారు. ఇళ్ళలో వాడుకునేవాళ్ళు డెబియన్‌లోనే ఇంకా తయారవుతున్న టెస్టింగ్ శాఖకో అన్‌స్టేబుల్ శాఖకో మారారు, లేదంటే విండోస్ దగ్గరే ఉండిపోయారు.

ఆ ఖాళీలోకే ఉబుంటు వచ్చింది. మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ 2004 అక్టోబరు 20న మొదటి వెర్షన్ విడుదల చేసింది. దాని అంకె 4.10, అంటే ఏడాదీ నెలా. అంకెలోనే ముహూర్తం పెట్టేశారు. గ్నోమ్ అప్పటికే ఆరు నెలల క్రమానికి అలవాటు పడి ఉంది. ఉబుంటు దాని వెనకే నడుస్తూ, ప్రతిసారీ డెబియన్ అన్‌స్టేబుల్ నుంచి ఒక నకలు తీసుకుని, దిద్దుకుని, ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ విడుదల చేసింది. అడిగిన వాళ్ళకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపింది కూడా. 2011లో ఆపేదాకా ఆ కవర్లు మన ఊళ్ళకూ వచ్చేవి. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో చేతులు మారిన ఆ సీడీలే చాలామంది తెలుగు కుర్రాళ్ళకు మొదటి లినక్స్.

షటిల్‌వర్త్ పెట్టిన ఈ నియమానికి పెద్ద మినహాయింపు ఒక్కటే. మొదటి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్టు) వెర్షన్ 2006 ఏప్రిల్‌లో రావలసి ఉండగా ఆరు వారాలు ఆపి, జూన్‌లో 6.06గా తెచ్చారు. దీర్ఘకాలం చూసుకుంటామని మాట ఇస్తున్న వెర్షన్ కాబట్టి ఆగారు. ఆ నిర్ణయం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. తేదీని అంతగా నమ్మిన సంస్థ కూడా, ఏళ్ళ తరబడి మోయాల్సిన బరువు ఎదురైనప్పుడు తేదీని పక్కన పెట్టగలిగింది. ఆ తర్వాత రెండేళ్ళకొక ఎల్‌టీఎస్ రావడం అలవాటైంది. 12.04 నుంచి డెస్క్‌టాప్‌కు కూడా ఐదేళ్ళ సపోర్టు దక్కింది. మధ్యలో వచ్చే వెర్షన్లకు మాత్రం ఇప్పుడు తొమ్మిది నెలలే. వాటిని ఇళ్ళలో, ఆఫీసుల్లో వేయమని నేను ఎవరికీ చెప్పను.

తేదీ పద్ధతిలో వచ్చే చిక్కు ఆ మధ్య వెర్షన్లలోనే కనిపిస్తుంది. 2017 అక్టోబరులో వచ్చిన 17.10 కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కాకుండా చేసింది. కారణం కెర్నల్‌లో ఆన్ చేసి పెట్టిన ఒక ఇంటెల్ డ్రైవర్. డిసెంబరులో డౌన్‌లోడ్ లింకును తీసేసి, జనవరిలో మళ్ళీ పెట్టారు. 2025 అక్టోబరులో వచ్చిన 25.10 పాత గ్నూ ఆదేశాల స్థానంలో రస్ట్ భాషలో తిరగరాసిన వాటిని పెట్టింది. అందులో డేట్ అనే చిన్న ఆదేశంలో లోపం ఉండటంతో, అప్‌డేట్లు వచ్చాయో లేదో తనంతట తాను చూసుకునే ఏర్పాటు నిలిచిపోయింది. కొద్ది రోజుల్లో సరిచేశారు. అయినా ఆలోచించండి: భద్రత కోసం చేసిన మార్పే భద్రతా అప్‌డేట్లను ఆపింది, పైకి ఏ ఎర్రర్ కనిపించదు. తర్వాతి ఎల్‌టీఎస్‌కు ముందే ఇలాంటివి తేలిపోవాలనే ఈ మధ్య వెర్షన్లు తెస్తారు. అది న్యాయమైన కారణమే. కానీ ఆ మాట డౌన్‌లోడ్ బటన్ పక్కనే, మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసి ఉండాలి.

ఫెడోరాది నడిమి దారి. ఆరు నెలలకొకటి అంటుంది, కానీ విడుదలకు ముందు గో, నో-గో సమావేశం పెడుతుంది. ముందే రాసుకున్న ప్రమాణాలకు అడ్డుపడే బగ్ ఒక్కటి మిగిలినా వారం వాయిదా వేస్తుంది. 2012 నవంబరులో రావలసిన ఫెడోరా 18, ఇన్‌స్టాలర్‌ను తిరగరాస్తున్నందువల్ల 2013 జనవరి 15 దాకా రాలేదు. అప్పట్లో తిట్లు తిన్నా, ఆ సమావేశం పద్ధతి అన్ని డిస్ట్రోలూ నేర్చుకోదగ్గది. ఏ లోపం ఉంటే ఆపాలో ముందే బహిరంగంగా రాసుకోవడం వల్ల చివరి వారంలో వ్యక్తుల మొహమాటాలకు చోటుండదు. చిక్కల్లా ఒక్కో వెర్షన్‌కు దక్కేది సుమారు పదమూడు నెలల సంరక్షణే.

డిస్ట్రో ఎంత జాగ్రత్తపడినా లోపల పెట్టే సాఫ్ట్‌వేర్ విడుదల తీరు దాని చేతిలో ఉండదు. 2008 జనవరి 11న వచ్చిన కేడీఈ 4.0 దీనికి పెద్ద ఉదాహరణ. అది పునాది వెర్షన్ మాత్రమేననీ, అప్లికేషన్లు రాసేవాళ్ళు దాని మీద పని మొదలుపెట్టాలన్నదే ఉద్దేశమనీ కేడీఈ వాళ్ళు చెప్పారు. కానీ 4.0 అన్న అంకె చూసిన జనం పూర్తయిన సరుకనే అనుకుంటారు కదా. ఆ ఏడు మేలో వచ్చిన ఫెడోరా 9 పాత 3.5ను తీసేసి కొత్తదాన్నే ఇచ్చింది. అలవాటైన ప్యానెల్ సౌకర్యాలు పోయాయి, డెస్క్‌టాప్ పదేపదే కూలింది. టోర్వాల్డ్స్ స్వయంగా గ్నోమ్‌కు మారాడు. 2011లో గ్నోమ్ 3 వచ్చి అక్కడా అంతా మార్చేసరికి దాన్నీ వదిలి కొంతకాలం ఎక్స్‌ఎఫ్‌సీఈ వాడాడు. ఆ కోపంలోంచే మాటే, సినమన్ డెస్క్‌టాప్‌లు పుట్టాయి. లినక్స్ మింట్‌కు ఇంత ఆదరణ రావడానికీ అదే కారణం. క్లెమెంట్ లెఫెబ్వ్ర్ 2006లో మొదలుపెట్టిన మింట్ 2014 నుంచి ఉబుంటు ఎల్‌టీఎస్‌నే పునాదిగా పెట్టుకుంది. వెర్షన్ మారినా మెనూ ఉన్నచోటే ఉంటుంది, ప్యానెల్ కిందనే ఉంటుంది. సాంకేతికంగా ఇందులో గొప్ప సాహసం ఏమీ లేదు. కానీ అరవై దాటిన వాళ్ళున్న ఇంట్లో కంప్యూటర్‌కు నేను సూచించేది దీన్నే.

మూడో దారి వెర్షన్లు లేనిది. 2002లో జడ్ వినెట్ మొదలుపెట్టిన ఆర్చ్, ఓపెన్‌సూసే వారి టంబుల్‌వీడ్ ఇందులో పేరున్నవి. ఈ దారి మీద నాకు చిన్నచూపు లేదు. రెండేళ్ళకోసారి పెద్ద మార్పు ఎదుర్కోవడం కన్నా రోజూ చిన్న మార్పులు తట్టుకోవడం తేలికన్నది బలమైన వాదనే. టంబుల్‌వీడ్ ప్రతి నకలునూ ఓపెన్‌క్యూఏ అనే యంత్ర పరీక్షకు పెట్టి, అది బూట్ అయి, లాగిన్ అయి, అప్లికేషన్లు తెరుచుకున్నాకే బయటికి వదులుతుంది. దాని మీద రోజువారీ పని చేసుకునేవాళ్ళు ఎందరో.

అయితే 2024 మార్చి 29 నాటి సంఘటన ఈ మొత్తం చర్చను కొత్త వెలుగులో పెట్టింది. పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ అన్‌స్టేబుల్ మీద పనిచేస్తుండగా ఎస్ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతున్నట్టు గమనించాడు. తవ్వుకుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొడ్డిదారి పెట్టినట్టు తేలింది. జియా టాన్ అన్న పేరుతో రెండేళ్ళకు పైగా ఓపిగ్గా పని చేస్తూ, ప్రాజెక్టును చూసుకునే వాలంటీరు నమ్మకం సంపాదించి చేసిన పని అది. ఆ వెర్షన్లు అప్పటికే డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్ శాఖల్లోకీ, ఫెడోరా 40 బీటాలోకీ, టంబుల్‌వీడ్‌లోకీ చేరిపోయాయి. ఆర్చ్‌లోకీ చేరాయి గానీ, అక్కడ ఎస్ఎస్‌హెచ్‌కూ ఆ లైబ్రరీకీ లంకె లేనందువల్ల దొడ్డిదారి పనిచేసే వీల్లేకపోయింది. డెబియన్ స్టేబుల్‌లోకి అది రానేలేదు. ఉబుంటు 24.04 బీటాను వారం ఆపి, ప్యాకేజీలన్నీ కొత్తగా బిల్డ్ చేసి, అసలు విడుదలను మాత్రం అనుకున్నట్టే ఏప్రిల్ 25న చేశారు. ఇంకొన్ని వారాలు ఎవరూ గమనించకపోయి ఉంటే ఆ కోడ్ ఐదేళ్ళు నడవాల్సిన ఎల్‌టీఎస్‌లో కూర్చునేది. కొత్త కోడ్‌కూ జనానికీ మధ్య నెలల ఎడం ఉండటం ఎంత మేలు చేస్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపిన సందర్భం మరొకటి లేదు.

ఆలస్యమే రక్షణ అనుకుంటే మాత్రం 2008 మే నెలను మరిచిపోయినట్టే. 2006లో డెబియన్ ఓపెన్ఎస్ఎస్ఎల్ ప్యాకేజీలో ఒక హెచ్చరికను వదిలించుకోవడానికి రెండు వరుసలు తీసేశారు. దాంతో రహస్య తాళాలు తయారుచేసే యాదృచ్ఛిక సంఖ్యలకు ప్రాసెస్ నంబరు తప్ప మరో ఆధారం లేకుండా పోయింది. ఒక్కో రకానికి, పరిమాణానికి సుమారు 32 వేల తాళాలే సాధ్యం. అన్నీ ముందే లెక్కకట్టి పెట్టుకోవచ్చు. ఆ మార్పు టెస్టింగ్ దాటింది, విడుదలకు ముందు మార్పులు ఆపే ఫ్రీజ్ దాటింది, 2007 ఏప్రిల్‌లో ఎచ్ వెర్షన్‌తో స్టేబుల్‌లోకి వెళ్ళింది. ఉబుంటుకూ పాకింది. 2008 మే దాకా, దాదాపు రెండేళ్ళు ఎవరూ పట్టుకోలేదు. ఎక్స్‌జెడ్‌ను ఆపింది కేవలం కాలం కాదు, ఆ కాలంలో శ్రద్ధగా చూసిన ఒక కన్ను. చూసేవాళ్ళు లేని ఫ్రీజ్ తప్పును కూడా గడ్డకట్టించి దాచిపెడుతుంది.

అందుకే నా తీర్పు ఇప్పటి డెబియన్ పద్ధతి వైపు మొగ్గుతుంది. సార్జ్ నాటి మొండితనం ఇప్పుడు లేదు. విడుదలకు తేదీ పెట్టకుండా, ఫ్రీజ్‌కు తేదీ పెట్టాలని 2009లో నిశ్చయించుకున్నారు. ట్రిక్సీకి 2025 మార్చి 15న పెద్ద లైబ్రరీల మార్పులు ఆపేశారు, ఏప్రిల్ 15న కొత్త ప్యాకేజీల రాక ఆపేశారు, మే 15 నుంచి ఎంచిన సవరణలే ఒప్పుకున్నారు. విడుదలకు అడ్డుపడే బగ్‌ల జాబితా కరిగాకే ఆగస్టు తేదీ తేలింది. పని ఎప్పుడు మొదలవుతుందో అందరికీ ముందే తెలుస్తుంది. ఎప్పుడు ముగుస్తుందో పనే చెబుతుంది. అలా వచ్చిన వెర్షన్‌లో దాదాపు 70 వేల ప్యాకేజీలున్నాయి. 14 వేలకు పైగా కొత్తవి. 8,840కి పైగా చూసేవాళ్ళు లేకో కాలం చెల్లో తీసేశారు. ఏ వెర్షన్ గురించి రాసినా కొత్తగా వచ్చినవే చెబుతారు గానీ, ఆ తీసివేతల లెక్కకూ అంతే విలువ ఉంది. ఎవరూ పట్టించుకోని ప్యాకేజీని మోసుకుపోకుండా వదిలించుకోవడం ఆరోగ్యం.

కంప్యూటర్లను వదిలేయడం అంత తేలిక కాదు. ట్రిక్సీలో 32 బిట్ ఇంటెల్ పీసీలకు కెర్నలూ లేదు, ఇన్‌స్టాలరూ లేదు. 64 బిట్ యంత్రం మీద పాత 32 బిట్ ప్రోగ్రాములు నడపడానికే ఆ ప్యాకేజీలు మిగిలాయి. 2019 జూన్‌లో ఉబుంటు తన తర్వాతి వెర్షన్‌లో ఆ ప్యాకేజీలు కూడా తీసేస్తానంటే ఆటల స్టోరు స్టీమ్ వారు ఆ వెర్షన్‌ను సపోర్టు చేయబోమన్నారు. వారం తిరక్కుండా ఉబుంటు వెనక్కి తగ్గి, అవసరమైనవి ఉంచింది. డెబియన్ తన మార్పును ఏళ్ళ ముందు నుంచీ చెబుతూ, చర్చిస్తూ చేసింది. అందుకే గొడవ తక్కువ. 2038 జనవరి 19న 32 బిట్ గడియారం పొంగిపొర్లే సమస్యకూ ఈ వెర్షన్‌లోనే వేల ప్యాకేజీలు తిరిగి బిల్డ్ చేశారు. మామూలు వినియోగదారుడి కంట ఎప్పటికీ పడని పని అది. విడుదల ప్రకటనల్లో మొదటి వరుసలో ఉండవలసింది అలాంటి పనే.

ఈ మధ్య అప్లికేషన్లను విడిగా అందించే ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ వచ్చి ప్రశ్ననే సగం మార్చాయి. పునాది నిదానంగా మారుతుంది, పైన అప్లికేషన్లు వాటి వేగంతో అవి మారతాయి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే వస్తోంది. మింట్ మాత్రం స్నాప్‌ను 2020లోనే పక్కనపెట్టింది. ఫెడోరా సిల్వర్‌బ్లూ ఇంకో అడుగు వేసి పునాదిని ముట్టుకోవడానికి వీల్లేకుండా చేసింది. అప్‌డేట్ చెడితే రీబూట్ చేసి ముందటి స్థితిలోకి వెళ్ళిపోవచ్చు. ఇళ్ళకూ బడులకూ ఇది నిజంగా మంచి రోజులు తెచ్చే ఏర్పాటు. నాకున్న బెంగల్లా డిస్ట్రో వాళ్ళ రెండో చూపు పోతుందనే. అప్లికేషన్ రాసినవాడి నుంచి నేరుగా మన కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. 2018లో స్నాప్ స్టోర్‌లోని ఒక ఆటలో క్రిప్టో మైనింగ్ కోడ్ బయటపడింది ఈ సందులోంచే.

తెలుగు వాడేవాళ్ళకు ఈ విడుదల క్రమం మరో రకంగా తగులుతుంది. కేరళలో కైట్ సంస్థ బడుల కోసం ఉబుంటు ఎల్‌టీఎస్ ఆధారంగా సొంత ఓఎస్ తయారుచేసి, ఒక్కో వెర్షన్‌ను ఏళ్ళ పాటు నిలకడగా వాడుతోంది. పాఠ్యపుస్తకమూ కంప్యూటరూ ఒకే మాట చెప్పడం అందుకే కుదిరింది. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతో కలిసి డెస్క్‌టాప్‌ను తెలుగు చేసి తన ఓఎస్ తెచ్చింది. ఆ కృషికి ఎదురైన అసలు కష్టం ఆరు నెలల చక్రం. విడుదలకు కొన్ని వారాల ముందు మెనూల్లోని మాటలు మార్చడం ఆపుతారు. ఆ వ్యవధిలో కొత్త మాటలన్నీ అనువదించాలి. పెద్ద భాషలకు పెద్ద జట్లున్నాయి. తెలుగుకు ఎప్పుడూ గుప్పెడు మంది వాలంటీర్లే. రెండు చక్రాలు తప్పిపోతే మెనూ సగం తెలుగు, సగం ఇంగ్లిష్ అయి, వాడే మనిషి విసిగి ఇంగ్లిష్‌కే మారిపోతాడు. చేతిలో ఉన్న కొద్ది శక్తిని ప్రతి వెర్షన్ మీదా చల్లకుండా, ఎల్‌టీఎస్‌లోకీ డెబియన్ స్టేబుల్‌లోకీ వెళ్ళబోయే గ్నోమ్, కేడీఈ వెర్షన్ల మీదే పెట్టడం మేలని నా అభిప్రాయం.

టైపింగ్‌ది అంతకన్నా తక్షణ సమస్య. తెర మీద అంతా చూపించే పాత ఎక్స్11 స్థానంలోకి వేలాండ్ వచ్చింది, ఉబుంటు 25.10లో గ్నోమ్‌కు ఎక్స్11 సెషన్ ఇక లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడేవాళ్ళకు అది లేఅవుట్‌గానే ఉంది కాబట్టి పెద్ద ఇబ్బంది రాదు. ఐబస్ అనే టైపింగ్ ఏర్పాటు ద్వారా ఆర్‌టీఎస్, ఆపిల్ పద్ధతుల్లో టైపు చేసేవాళ్ళకు మాత్రం అప్లికేషన్, డెస్క్‌టాప్, ఐబస్ మూడూ సరిగా మాట్లాడుకోవాలి. క్రోమియం పునాదిగా తయారైన ప్రోగ్రాములలో అది పలకడానికి చాలాకాలం ప్రత్యేక ఆప్షన్లు ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి లోపం ఇంగ్లిష్‌లో టైపు చేసే డెవలపర్‌కు ఎన్నటికీ కనిపించదు. మనం చెబితేనే తెలుస్తుంది, అదీ సమయానికి చెబితేనే. స్టేబుల్ విడుదలయ్యాక సుమారు రెండు నెలలకోసారి వచ్చే సవరణల్లో భద్రతా లోపాలకూ తీవ్రమైన బగ్‌లకే చోటు. ఒత్తు తప్పు చోట పడుతోందనో, పొల్లు విడిపోతోందనో అప్పుడు చెబితే జవాబు తరచూ తర్వాతి వెర్షన్‌లో చూద్దామనే, అంటే రెండేళ్ళకు. అదే మాట ఫ్రీజ్ మొదటి నెలల్లో, టెస్టింగ్ శాఖను ఒక పాత ల్యాప్‌టాప్‌లో వేసి, రోజూ తెలుగులో రాసి చూసి చెబితే ఆ వెర్షన్‌లోనే సరిదిద్దడానికి వీలుంటుంది. డెబియన్ 14కు ఫోర్కీ అని పేరు పెట్టారు. దాని టెస్టింగ్ శాఖ ట్రిక్సీ విడుదలైన నాటి నుంచే తెరిచి ఉంది.